కాలువ కన్న కళాశాల

నవంబరు మాసము సమీపించినంతనే రూర్కీని గురించి నాలుగు పుటలు వ్రాసి పంపుమని సంపాదకులు కబురు చేయుటయు, గడువు తరుముచుండగా వ్యాసకర్త బీరువా యడుగుననున్న పాత గ్రంథములను దుమ్ము దులిపి పైకి దీయుటయు ఆదివారపు పత్రికలకు అలవాటైన వ్యవహారమే. ఆ విద్యాసంస్థ తన జన్మదినముగా లెక్కించుకొనునది 1847 నవంబరు 25. నాటినుండి నేటివరకు దానికి వచ్చిన పేరులు పెక్కు: మొదట రూర్కీ కళాశాల, 1854 నుండి థామసన్ సివిల్ ఇంజనీరింగు కళాశాల, 1949 నుండి రూర్కీ విశ్వవిద్యాలయము, 2001 నుండి ఐఐటీ.

ఈ దేశమున విద్యాలయములు పుట్టిన తీరులు పలువిధములు. ఒకదానిని రాజు దానము నిలిపెను, ఒకదానిని మఠము పోషించెను, మరియొకదానిని ఏ వర్తకుని పశ్చాత్తాపమో పెంచెను. రూర్కీని మాత్రము కన్నది కాలువ. ఆ కాలువను కన్నది కరువు. కళాశాలలో చదివినవారు వెళ్లి గంగ కాలువను త్రవ్విరని లోకులు తలచుట సహజమే గాని, కాలువ త్రవ్వుచున్నవారికి చేతులు చాలక పని నడుమ కళాశాలను పెట్టుకొనిరనుట యథార్థము. ఈ తారుమారు నాకు మొదటినుండియు ముచ్చట గొల్పినది. అందుచేత ఈ వ్యాసమున కళాశాల కంటె కాలువకే ఎక్కువ చోటు దక్కినచో పాఠకులు మన్నింతురు గాక.

జలవిద్య మనకు క్రొత్తది కాదు. 14వ శతాబ్దమున ఫిరోజ్ షా తుగ్లక్ యమునానదీజలములను హిస్సారు వైపునకు మరల్చెను. 17వ శతాబ్దమున షాజహాను కొలువులోని అలీ మర్దాన్ ఖాన్ పూడిపోయిన ఆ కాలువను బాగుచేయించి ఢిల్లీ నగరమునకు నీరు తెచ్చెను. మన వైపు చూచినచో కాకతీయుల నాటి పాకాల, రామప్ప చెరువులు నేటికిని పొలములను తడుపుచునే యున్నవి. అయితే ఆ గట్ల వాలును లెక్కగట్టినవారెవరు, ఆ లెక్కను వారికి నేర్పినవారెవరు అని యడిగినచో శాసనములు రాజుల బిరుదులను వల్లించి ఊరకుండును. ఒక్క కడపసీమలోని పోరుమామిళ్ల శాసనము మాత్రము కొంత నోరు విప్పినది. 1369లో విజయనగర రాజకుమారుడైన భాస్కరుడు వేయించిన ఆ శాసనము మంచి చెరువునకు పన్నెండు అంగములను, ఆఱు దోషములను చెప్పి, జలశాస్త్రము నెఱిగిన బ్రాహ్మణుని ఆ పన్నెండింటిలో ఒక అంగముగా లెక్కించినది. దినమునకు 1000 మంది కూలివాండ్రును 100 బండ్లును రెండేండ్లపాటు ఆ చెరువుపై పనిచేసిన సంగతిని కూడ తెలిపినది. ఆ పండితుని గురుకులమెక్కడిదో, ఆ వేయి మందికి మట్టము చూచుట నేర్పిన మేస్త్రి పేరేమో చెప్పవలెనన్న అక్కఱ దానికి కలుగలేదు.

అక్కడినుండి నాలుగు శతాబ్దములను ఒక్క గంతులో దాటినచో 1794 తగులును. ఆ యేట మైకేల్ టాపింగ్ అను ఖగోళవేత్త మద్రాసులో సర్వే పాఠశాలను తెఱపించెను. కృష్ణా గోదావరీ ప్రాంతములను కొలిచి, 1796లో మన మచిలీపట్నముననే జ్వరముచే మరణించినవాడితడు. ఆ పాఠశాలయే పెరిగి పెద్దదై గిండీ ఇంజనీరింగు కళాశాల యైనది. దేశమునందలి మొట్టమొదటి ఇంజనీరింగు కళాశాల మాదన్న మాదని గిండీవారును రూర్కీవారును ఇప్పటికిని వాదించుకొనుచునే యుందురు. ఒకరు పాఠశాలగా ముందు, ఒకరు కళాశాలగా ముందు అని ఇరుపక్షములకును నచ్చజెప్పి తప్పించుకొనుట మేలు. మనవారిలో పెక్కుమంది పెద్ద ఇంజనీర్లు గిండీలో చదివినవారే గనుక తెలుగు వ్యాసకర్త తీర్పు నిష్పక్షపాతమని రూర్కీవారు ఎట్లును నమ్మరు.

ఇక కరువు మాట. 1837-38 సంవత్సరములలో గంగా యమునల నడుమనున్న దోఆబు ప్రాంతమున వానలు మొగము చాటు చేయగా సుమారు 8 లక్షల మంది ప్రాణములు విడిచిరని అంచనా. అంతకు నాలుగైదేండ్ల ముందే నందననామ సంవత్సరమున గుంటూరు మండలము ఇట్టి కరువుతోడనే పాడుపడినది. మన తాతలు దానిని డొక్కల కరువని చెప్పుకొనెడివారు. ఇరుప్రాంతములందును మహానదులు మనుష్యుల కండ్లయెదుటనే నిండుగా సముద్రమువైపు పోవుచుండగా ఆ నదుల ప్రక్కనున్న నేల బీటలు వాఱుచుండెను. చచ్చిన రైతు శిస్తు కట్టడన్న సత్యము కుంఫిణీ కచేరీలకు తెలిసివచ్చుటతో ఉత్తరమున ప్రోబీ కాట్లీకిని, దక్షిణమున ఆర్థర్ కాటన్‌కును కాలము కలిసివచ్చినది.

కాట్లీ 1802లో పుట్టి, పదునేడేండ్ల ప్రాయమున ఈ దేశమునకు వచ్చిన ఫిరంగిదళపు ఉద్యోగి. ఇంజనీరింగు ఏ కళాశాలలోను చదివినవాడు కాడు. యమున తూర్పు కాలువ మరమ్మతుపై పనిచేయుచు పనిలోనే పని నేర్చినవాడు. తీరిక వేళలలో శివాలిక్ కొండలు త్రవ్వి లుప్తజంతువుల యెముకలు పోగుచేయుట అతనికి వేడుక. ఆ వేడుకకే 1837లో లండను భూగర్భశాస్త్ర సంఘమువారు హ్యూ ఫాల్కనర్‌తో కలిపి అతనికి వోలాస్టన్ పతకమిచ్చిరి. ఇట్టివాడు హరిద్వారమువద్ద గంగను మళ్లించి వందల మైళ్ల కాలువ త్రవ్వుదమనగా, గవర్నర్ జనరళ్లు ఒకరు తల యూపుటయు మరియొకరు తల యడ్డముగా త్రిప్పుటయు జరుగుచు, 1842 ఏప్రిలులో మొదలైన పని అయిదేండ్లు కుంటినడక నడిచెను. 1847లో లార్డు హార్డింజి ధనము మంజూరు చేసిన పిమ్మటనే దానికి ఊపిరి వచ్చినది.

గంగను కట్టివేయుట పాపమని హరిద్వారపు పండాలు అడ్డుకొనిరి. కాట్లీ వారితో కలహింపలేదు. గంగాజలము నిరాటంకముగా పాఱుటకై ఆనకట్టలో ఖాళీ విడిచెదనని మాట యిచ్చెను, స్నానఘట్టములను బాగుచేయించెను, విఘ్నేశ్వరపూజతో పని యారంభించెను. ఫిరంగులు కాల్చుట నేర్చిన మనుష్యునికి ఇంతటి నేర్పు ఎక్కడినుండి వచ్చెనోయని ఆశ్చర్యము కలుగును. ఈ ఖాళీ మాట అరువది యేండ్ల తర్వాత మరల లేచినది. 1916లో మదనమోహన మాలవీయుడు ప్రభుత్వముతో వాదించి, హరికీ పౌడీకి అవిచ్ఛిన్నధార విడువవలెనన్న ఒడంబడికను వ్రాయించుకొనెను.

పండాలు ఒప్పుకొన్నను వాగులు ఒప్పుకొనలేదు. హరిద్వారమునుండి రూర్కీ వరకు గల ఇరువది మైళ్ల దూరములో శివాలిక్ కొండలనుండి దిగు నాలుగు వాగులు కాలువకు అడ్డుపడును. ఎండకాలమున అవి ఇసుకబాటలు. ఆషాఢము వచ్చినచో ఏనుగులను కొట్టుకొనిపోవు ప్రవాహములు. ఈ నాలుగింటిని దాటించుటలో కాట్లీ చూపిన ఉపాయము ఇంజనీరింగు విద్యార్థులకు నేటికిని ఒకే చోట దొరకు పాఠ్యపుస్తకము వంటిది. రాణీపూరు, పథ్రీ వాగులను కాలువపై వంతెన వేసి మీదుగా దాటించెను. ధనౌరీవద్ద రత్మావు వాగును కాలువతో సమమట్టముననే కలియనిచ్చి, తలుపులెత్తి ఆవలికి పంపెను. కట్టకడపటిదియు మిక్కిలి పెద్దదియు నగు సోలానీ నదివద్ద మాత్రము నదిని క్రిందుగా పోనిచ్చి కాలువనే పైకెత్తెను. మీదుగా నొకటి, సమముగా నొకటి, క్రిందుగా నొకటి. ఇంతకు మించిన మార్గము నీటికి లేదు.

సోలానీపై అక్విడక్టు 50 అడుగుల వెడల్పు గల 15 కమానులతో లేచినది. దానికిరువైపుల రెండుమైళ్లకు పైగా మట్టికట్ట పోసి, ఆ కట్టమీదుగా కాలువను నది వరకు తెచ్చిరి; కట్ట రెండు చివరలను కావలి కాయుటకు రాతిపీఠములపై సింహములను నిలిపిరి. ఇటుకలను కొనుటకు బజారు లేదు; మన్ను చూచి, ఆవములు పెట్టి, సున్నము కాల్చి, సుర్కీ దంచి, సమస్తమును అక్కడికక్కడే చేసికొనవలసివచ్చెను. 1851 డిసెంబరులో మట్టిబండ్లను లాగుటకు ఇంగ్లండునుండి ఆవిరియంత్రమును తెప్పించి పట్టాలపై నడపిరి. బొంబాయినుండి ఠాణాకు ప్రయాణికుల రైలు కదలుటకు ఏడాదికి పైగా ముందు మాట ఇది. రూర్కీవారు ఈ ముచ్చటను గర్వముగా చెప్పుకొందురు. మద్రాసు సమీపమున ఎఱ్ఱకొండల రాతిని మోయుటకు 1837లోనే ఆర్థర్ కాటన్ పూనికతో ఇనుపపట్టాలు పడినవని దక్షిణాదివారము మెల్లగా గొణుగుకొందుము.

నాకు వీనియన్నింటికంటె ప్రియమైనది కంటికి కనబడని భాగము. సోలానీ గర్భమంతయు ఇసుక. ఎంత త్రవ్వినను రాయి తగులదు. అట్టి ఇసుకలో కమానుల స్తంభములు నిలుచుటెట్లు? ఇరువదేసి అడుగుల ఘనాకారపు ఇటుకకట్టడములను నేలపై కట్టి, ఒక్కొక్కదానిలో నాలుగు బావులవంటి రంధ్రములు విడిచి, ఆ రంధ్రములలోనికి మనుష్యులు దిగి అడుగున ఇసుక తోడుచుండగా, కట్టడమంతయు తన బరువుతో తానే క్రుంగి దిగిపోవునట్లు చేసిరి. ఇది ఏ ఐరోపా గ్రంథమునుండి వచ్చిన విద్యయు కాదు. మన పల్లెలలో బావికి ఒరలు దించు పద్ధతియే. దానిని ఈ దేశపు బావులు త్రవ్వువారినుండి గ్రహించితిమని ఆ ఇంజనీర్లే దాచక వ్రాసికొనిరి. అదే కాలమున ధవళేశ్వరమువద్ద కాటన్ దొర గోదావరి ఇసుకపై ఆనకట్ట నిలుపుచు నమ్మినదియు ఈ దేశపు పాతకట్టుబడినే. కావేరిపై చోళుల కల్లణై అన్ని వందల యేండ్లు ఇసుకమీద చెక్కుచెదరక నిలుచుట కన్నులార చూచిన పిమ్మటనే అతనికి ఆ ధైర్యము చిక్కినది. రూర్కీ కళాశాలకు మొదటి ఆచార్యుడెవ్వరని నన్నడిగినచో పేరు తెలియని ఒక ఒరల మేస్త్రియని చెప్పుదును. ఆయనకు ఆ కళాశాలలో కుర్చీ వేసినవారు లేరు.

వేసిన కుర్చీలు లెఫ్టినెంటు రాబర్ట్ మెక్లగన్‌కు దక్కినవి. వాయవ్య రాష్ట్రముల లెఫ్టినెంటు గవర్నరైన జేమ్స్ థామసన్, ఇంతటి పనికి మట్టము చూడగలవాండ్రు, పటము గీయగలవాండ్రు, కూలి లెక్క వ్రాయగలవాండ్రు సీమనుండి దిగుమతి కారని గ్రహించి, పని జరుగుచోటనే పాఠము చెప్పవలెనని నిశ్చయించెను. మెక్లగన్ ప్రిన్సిపాలుగా 1848 ఆరంభమున గుడారములలో తరగతులు మొదలైనవి. ఇంజనీర్లు కాదగినవారికి ఒక తరగతి, తెల్ల సిపాయిలలోని చిన్నయుద్యోగులకు ఒక తరగతి, దేశీయ సర్వేయర్లకు ఒక తరగతి. మూడవ తరగతికి పాఠములు ఉర్దూలో సాగెను. పల్లెలలో దేశభాషల బడులు పెట్టించిన థామసన్‌కు అది సహజమైన యోచనయే. ఆ యోచన కొనసాగియున్నచో నేడు మన ఇంజనీరింగు తెలుగులో చదువవచ్చునా కూడదా అను వాదములలో కొన్నియైనను తగ్గియుండెడివని తోచును. గుడారపు తరగతినుండి వెలుపలికి వచ్చి నాలుగడుగులు వేసినచో సోలానీ పని కనబడును. ఉదయము చదివిన సూత్రము సాయంకాలము ఇసుకలో దిగుచుండుట చూడగల భాగ్యము తరువాతి తరముల విద్యార్థులకు దొరకలేదు.

థామసన్ తన కాలువలో నీరు పాఱుట చూడలేదు. 1853 సెప్టెంబరు కడపట బరేలీలో మరణించెను. సరిగా ఆ దినముననే లండనులో రాణిగారు ఆయనను మద్రాసు గవర్నరుగా నియమించుచు సంతకము చేసిరి. ఆయన బ్రతికియున్నచో రూర్కీని నిలిపిన చేయియే గోదావరి, కృష్ణా మండలములను ఏలియుండెడిది. కళాశాలకు ఆయన పేరు పెట్టుటతో ప్రభుత్వము తన ఋణము తీర్చుకొనెను.

1854 ఏప్రిలు 8న కాలువ తెఱచిరి. ప్రధాన కాలువ 348 మైళ్లు, శాఖలు 306 మైళ్లు. తరువాతి యేడు సేద్యము మొదలై అయిదువేల పల్లెలకు నీరందినది. కాట్లీ ఫిరంగివందనము నడుమ సీమకు ఓడ యెక్కి, అక్కడ సర్ బిరుదము పొందెను. ఇక్కడ తెరపడియున్నచో కథ మంగళాంతమే. కాని కాలువ నేలను కోయ నారంభించినది.

మైలుకు 18 అంగుళముల చొప్పున మొదట అనుకొన్న వాలును కాట్లీ 15 అంగుళములకు తగ్గించియుండెను, అదియును ఎక్కువైనది. నిండుగా విడిచిన నీరు వడిగా పాఱి, జలపాతపు మెట్ల క్రింద గుంతలు పెట్టి, వంతెనల పునాదులను తడవ మొదలిడెను. పడవలు ఆ వడికి ఎదురుపోలేకపోయెను. ఈ దశలో రంగప్రవేశము చేసినవాడు మన కాటన్ దొర. ఉద్యోగవిరమణ చేసి, సర్ బిరుదము ధరించి, ధవళేశ్వరపు కీర్తి వెంట రాగా 1863 ప్రాంతమున గంగ కాలువను పరీక్షించి, అచ్చువేసిన నివేదికలో తన అభిప్రాయమును ఏమాత్రమును మెత్తన చేయక వెల్లడించెను: కాలువ తల పెట్టినచోటే తప్పు, హరిద్వారమువద్ద కొండయంచున మొదలుపెట్టుటచేతనే ఆ నాలుగు వాగులతో పోరాడవలసివచ్చినది, వాగులు గంగలో కలిసిన తర్వాత దిగువన, మైదానమున ఆనకట్ట వేసియున్నచో ఇంత ధనమును ఇంత కట్టుబడియు అక్కఱలేకపోయెడివి, వాలు మితిమీఱినది, పడవల రాకపోకలకు పనికిరాని కాలువ సగము కాలువయే. కమానులను, సింహములను చూచి లోకము మెచ్చుకొనిన సోలానీ అక్విడక్టు అతని కన్నులకు ఒక పొరపాటును దాటుటకు కట్టిన మహావైభవోపేతమైన వంతెన.

కాట్లీ ఊరకుండువాడు కాడు. అప్పటికి ఇండియా కౌన్సిలు సభ్యుడై లండనులో నుండిన అతడు కరపత్రము వెంట కరపత్రము అచ్చువేసెను. దిగువన గంగ గర్భము అంతులేని ఇసుక, అందు ఆనకట్ట నిలువదనెను. డెల్టాలో నీరు పంచుట వేఱు, నదికంటె ఎత్తైన దోఆబు నేలకు నీరెక్కించుట వేఱు, గోదావరి కొలబద్దతో గంగను కొలువరాదనెను. దానికి కాటన్ బదులు ఒక్కటే: ఇసుకపై నిలువదందురా, ధవళేశ్వరమునకు వచ్చి చూడుడు. నాలుగు ఖండములుగా ధవళేశ్వరము, ర్యాలి, మద్దూరు, విజ్జేశ్వరముల నడుమ సాగిన ఆ ఆనకట్ట 1852లో పూర్తియై వరదలను తట్టుకొనుచునే యుండెను. అక్విడక్టుల మాట వచ్చినను మనవారికి కొదువ లేదు. వైనతేయపాయపై హేగ్ అను ఇంజనీరు కట్టించిన గన్నవరపు అక్విడక్టుకు 49 కమానులు, ఒక్కొక్కటి 40 అడుగులు. సింహములు మాత్రము లేవు; కాటన్ బృందమువారి లెక్కలలో అలంకారమునకు పద్దు ఉండెడిది కాదు.

ఈ ఇరువురి కలహమున ఉభయపక్షములను స్వయముగా చూచిన సాక్షి యొకడుండెను. కాట్లీ వారసుడై కాలువలపై అధికారము వహించిన బైర్డ్ స్మిత్ అంతకు పదేండ్ల క్రిందట దక్షిణమునకు వచ్చి, కావేరి, కృష్ణ, గోదావరులపై జరిగిన పనులను చూచి ఒక గ్రంథమే వ్రాసెను. రెండు పాఠశాలల విద్యయు ఎఱిగిన ఆయన తీర్పు చెప్పదగినవాడే. కాని 1857లో రూర్కీ కర్మశాలలను కోటగా మార్చి, అక్కడినుండి ఢిల్లీ ముట్టడికి ప్రధాన ఇంజనీరుగా వెళ్లి గాయపడి, మరల కోలుకొనక 1861లో స్వదేశమునకు పోవుచు సముద్రముమీదనే మరణించినవాడు. తగవు తీర్చు పెద్దమనిషి లేక వాదము పత్రికలకెక్కినది.

తీర్పును కాలమే కొంత, కాలువయే కొంత చెప్పినవి. ప్రభుత్వము క్రాఫ్టన్ అను ఇంజనీరుచే పరీక్ష చేయించి, వాలును, మెట్లను దిద్దించెను. ఆ మేరకు కాటన్ గెలిచెను. 1878లో దిగువన నరోరావద్ద ఇసుకపైననే ఆనకట్ట వేసి దిగువ గంగ కాలువను తెఱచిరి. ఆ మేరకును కాటన్ గెలిచెను. కాట్లీ 1871లోనే గతించెను గనుక ఈ రెండవ ఓటమిని చూడలేదు. కాని ఇరువదేండ్లకు, 1898 మార్చిలో, వరద యేమియు లేని వేళ, నరోరా ఆనకట్టలో ఒక భాగము ఉన్నట్టుండి లేచి కూలిపోయెను. ఇసుకక్రింద దొంగచాటుగా ప్రవహించిన నీరు అడుగుబల్లను పైకెత్తివేసినది. ఇసుకను నమ్మరాదన్న కాట్లీ మాట సమాధిలోనుండి వినబడినట్లయినది. కాటన్ అప్పటికి జీవించియే యుండెను, మరుసటి యేడు మరణించెను.

వాదమును ఎవరు గెలిచిరన్న ప్రశ్నకంటె, దానిని రూర్కీ ఏమి చేసికొనెనన్నది నాకు రుచించు విషయము. ఇద్దఱు వృద్ధుల కరపత్రకలహము ఆ కళాశాలకు పాఠ్యాంశమైనది. నరోరా కూలుటకు ముందే ప్రిన్సిపాలు క్లిబర్న్ దొర గొట్టములలో ఇసుక నింపి, అందుండి నీరు ఊరు తీరును పరీక్షించుచుండెను. అదే కళాశాలలో 1916లో చదువు ముగించిన అయోధ్యానాథ ఖోస్లా పంజాబు కాలువలలో కట్టడముల అడుగున ఒత్తిడిని కొలిచి, పాతసూత్రములు తప్పని నిరూపించి, 1936 నాటికి ప్రవేశ్య భూములపై ఆనకట్టల నిర్మాణమునకు క్రొత్త సిద్ధాంతమును గ్రంథరూపమున వెలువరించెను. మన దేశమున ఇసుకపై బ్యారేజి కట్టదలచినవారు నేటికిని అడుగుబల్ల మందమునకు ఖోస్లా గీసిన రేఖలను సంప్రదింతురు.

నడుమ మిగిలినవాటిని త్వరగా చెప్పివేసెదను. 1870ల ఆరంభమున ఇంగ్లండులో కూపర్స్ హిల్ కళాశాల తెఱచి, అందు చదివిన తెల్లవారికి ఇక్కడి పెద్ద కొలువులు కట్టబెట్టుటతో రూర్కీ భారతీయ పట్టభద్రులు చాలకాలము రెండవ పంక్తిలో కూర్చుండవలసివచ్చెను; 1906లో ఆ కళాశాల మూతపడినది. 1873లో ఉత్తీర్ణుడైన గంగారాం లాహోరు నగరమునకు సగము రూపమిచ్చి, బీడుభూములకు నీరెక్కించి, ఆర్జించిన ధనమును ఆసుపత్రులకు ధారపోసెను. డేరాలలో తిరుగు ఇంజనీర్లకై ఆ యూర కర్మశాలలలో తయారైన మడతకుర్చీ రూర్కీ కుర్చీ యను పేరుతో సముద్రములు దాటి, ఐరోపా శిల్పులచే అనుకరింపబడినది. కుర్చీ దక్కని ఒరల మేస్త్రి సంగతి పైన చెప్పియే యున్నాను.

స్వాతంత్ర్యము వచ్చిన తర్వాత కథ తిన్నగా నడువదు. 1948లో సంయుక్త రాష్ట్రముల శాసనసభ చట్టము చేసి కళాశాలను విశ్వవిద్యాలయముగా మార్చెను. 1949 నవంబరులో నెహ్రూ వచ్చి అధికారపత్రమును ఒసగెను. స్వతంత్ర భారతమున తొలి సాంకేతిక విశ్వవిద్యాలయమన్న గౌరవము దానిదైనది. కాని రెండేండ్లు తిరుగకముందే ఖరగ్‌పూరులో మొదటి ఐఐటీ లేచి, దేశపు దృష్టి అటు మరలెను. రాష్ట్రప్రభుత్వపు సొమ్ముతో నడచు పెద్దన్న, కేంద్రప్రభుత్వపు సొమ్ముతో పెరుగు తమ్ములను చూచుచు అర్ధశతాబ్దము గడపినాడు. ఆ కాలముననే ఖోస్లా ఉపకులపతియై 1955లో ఆసియా, ఆఫ్రికా దేశముల ఇంజనీర్లకై జలవనరుల శిక్షణకేంద్రమును నెలకొల్పుటయు, 1960లో ఆచార్య జయకృష్ణ దేశమున మొదటి భూకంప ఇంజనీరింగు శాఖను ప్రారంభించుటయు జరిగినవి. హిమాలయము ప్రక్కన నుండి కాళ్లక్రింది నేల కదలునని తలచుట తెలివిగల పనియే. సహారన్‌పూరులోని కాగితపు పరిశ్రమల శిక్షణాలయము వచ్చి ఇందులో కలిసినది. నిర్వహణశాస్త్రము వచ్చినది, కంప్యూటర్లు వచ్చినవి. ఏ శాఖ ఎందుకు వచ్చెనో కాలువవలె ఒక్క కారణము చూపి చెప్పుట ఎవరి తరమును కాదు.

2000 నవంబరులో ఉత్తరాఖండము వేఱుపడుటతో రూర్కీ చిన్నరాష్ట్రపు వాటాకు వచ్చెను. 2001 సెప్టెంబరు 21న అది ఏడవ ఐఐటీ యైనది; 154వ యేట నున్న సంస్థకు ఏడవ స్థానము. పాత పట్టభద్రులలో కొందఱు దీనిని పదోన్నతి యనిరి, కొందఱు పేరు పోయినదని నొచ్చుకొనిరి. నాకు ఉభయుల మాటయు సబబుగనే తోచును. రూర్కీ విశ్వవిద్యాలయమన్నచో ప్రపంచమున ఒక్కటే. ఐఐటీలు నేడు ఇరువదిమూడు.

విజయవాడ, హైదరాబాదు కళాశాలలలో వేకువనే లేచి, జేఈఈ గండము గడిచి, తెలుగు పిల్లలు ఏటేటా రూర్కీ చేరుచున్నారు. అక్కడి వసతిగృహములలో ఒకదానికి కాట్లీ భవనమని పేరు. కాటన్ విగ్రహమునకు దండ వేయుట చిన్ననాటినుండి చూచిన కోనసీమ కుఱ్ఱవాడెవడైన ఆ భవనములో గది దొరికి దిగినచో, నూటయరువదియేండ్ల నాటి కలహమును గదిగోడలతో కొనసాగింపవలసిన బాధ్యత న్యాయముగా అతనిదే. కాని వాడు చేరిన శాఖ కంప్యూటర్ సైన్సై యుండును. రాత్రి పదకొండు గంటలకు ఆన్‌లైనులో కోడింగు పోటీ యుండును.